కనీస వేతనం, ఓవర్‌టైం లెక్క: చిన్న సంస్థల యజమానులకు మార్గదర్శిని

పనివారితో జీతం మాట్లాడుకునేటప్పుడు చాలామంది యజమానులు నెల మొత్తాన్ని ఒక్క మాటలో తేల్చేస్తారు. నెలకు ఇంత, ఉదయం ఫలానా వేళకు రావాలి, రాత్రి ఫలానా వేళకు వెళ్లాలి అని అనుకున్నాక, ఇద్దరికీ సమ్మతమే కాబట్టి ఇక పేచీకి తావు లేదనుకుంటారు. ఆ మొత్తం ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే నాలుగైదు వేలు ఎక్కువగా ఉంటే మరీ నిశ్చింతగా ఉంటారు. చట్టం మాత్రం మొత్తాన్ని చూసి ఊరుకోదు. ఆ డబ్బు ఎన్ని గంటల పనికి చెల్లించారని అడుగుతుంది. ఎనిమిది గంటల పనికి సరిపోయే జీతం పన్నెండు గంటల పనికి సరిపోదు. పనివారు మనస్ఫూర్తిగా ఒప్పుకుని సంతకం చేసినా సరిపోదు, ఎందుకంటే కనీస వేతన హక్కును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదని చట్టమే చెబుతోంది.

అందువల్ల ఈ వ్యాసంలో గంటల లెక్కకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. దుకాణం, వర్క్‌షాపు, హోటల్, చిన్న కర్మాగారం, క్లినిక్, ప్రైవేటు పాఠశాల వంటివి నడుపుతూ, జీతాల పని చూసుకోవడానికి ప్రత్యేక విభాగమేదీ లేని యజమానులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఏ చట్టం వర్తిస్తుంది

దశాబ్దాలపాటు ఈ విషయాన్ని 1948 నాటి కనీస వేతనాల చట్టం నడిపించింది. ప్రభుత్వం ఒక జాబితా తయారుచేసి, అందులో చేర్చిన వృత్తులకు మాత్రమే కనీస వేతనం ప్రకటించేది. జాబితాలో లేని పనికి ఆ రక్షణ ఉండేది కాదు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ ఆ చట్టాన్నీ, 1936 నాటి వేతన చెల్లింపు చట్టాన్నీ, 1965 నాటి బోనస్ చట్టాన్నీ, 1976 నాటి సమాన వేతన చట్టాన్నీ ఒకటిగా కలిపింది. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యజమానికి సంబంధించినంతవరకు ఇందులో అతి పెద్ద మార్పు ఒకటే: జాబితా అనే గోడ పడిపోయింది. మీ వ్యాపారం ఏదైనా, పనివారు ఒక్కరే ఉన్నా, కనీస వేతనం ఇవ్వాల్సిన బాధ్యత మీకు ఉంది.

పాత చట్టం రద్దయింది కాబట్టి దాని కింద వచ్చిన వేతన నోటిఫికేషన్లు కూడా పోయాయని కొందరు అనుకుంటున్నారు. అది పొరపాటు. కొత్త కోడ్‌కు విరుద్ధంగా లేనంతవరకు పాత నోటిఫికేషన్లు, ఉత్తర్వులు ఈ కోడ్ కిందనే ఇచ్చినట్టుగా కొనసాగుతాయని కోడ్‌లోనే రాసి ఉంది. కాబట్టి కొత్త రేటు వచ్చేదాకా పాత నోటిఫికేషన్‌లోని రేటుకు తగ్గకుండా చెల్లించాల్సిందే.

పని గంటల విషయంలో వేతనాల కోడ్‌తోపాటు మరో చట్టాన్ని కూడా చూసుకోవాలి. కర్మాగారాలకు, పది మంది లేదా అంతకు మించి కార్మికులున్న చాలా సంస్థలకు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వర్తిస్తుంది. దుకాణాలకు, వాణిజ్య సంస్థలకు రాష్ట్రాల షాపులు, సంస్థల చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ దాని మూలం 1988 చట్టమే.

మీ సంస్థకు వర్తించే రేటును గుర్తించడం

రైల్వేలు, గనులు, బ్యాంకులు, బీమా, టెలికాం, ప్రధాన ఓడరేవులు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు వంటి వాటికి కేంద్రం రేట్లు నిర్ణయిస్తుంది. మిగతా దాదాపు అన్నింటికీ రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. రాష్ట్ర కార్మిక శాఖ విడుదల చేసే నోటిఫికేషన్ చేతిలోకి తీసుకుని అందులో ఐదు విషయాలు వెతకాలి: మీ వ్యాపారం ఏ వర్గంలోకి వస్తుంది, మీ ఊరు ఏ జోన్‌లో ఉంది, ఒక్కొక్క పనివారు చేసే పని ఏ నైపుణ్య శ్రేణిలో ఉంది, ఆ శ్రేణికి మూల వేతనం ఎంత, దానిపై కరువు భత్యం ఎంత.

వీటిలో తరచుగా తప్పేది చివరిది. మూల వేతనాన్ని ఐదేళ్లకు మించని వ్యవధిలో సమీక్షించాలని కోడ్ చెబుతోంది గానీ, కరువు భత్యం అంతకంటే చాలా తొందరగా మారుతుంది. వినియోగదారుల ధరల సూచీ ఆధారంగా ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 1 నుంచి ఒకసారి, అక్టోబరు 1 నుంచి మరోసారి, దాన్ని సవరించడం పరిపాటి. ఉత్తర్వు ఆ తేదీ దాటిన కొన్ని వారాలకు చేతికి వచ్చినా, అమలు తేదీ మాత్రం వెనకటిదే కావచ్చు; అప్పుడు మధ్యకాలపు తేడాను బకాయిగా చెల్లించాలి. ఏప్రిల్, అక్టోబరు జీతాలు వేసే ముందు రేట్లు సరిచూసుకోవాలని మీ లెక్కల మనిషికి ఒకసారి రాసి ఇచ్చేస్తే ఈ బెడద ఉండదు.

నైపుణ్య శ్రేణి విషయంలో నియామక పత్రంలో రాసుకున్న హోదాకు విలువ తక్కువ, మనిషి నిజంగా చేసే పనికే విలువ. హెల్పర్ అని పేరు పెట్టి లేత్ మిషన్ నడిపిస్తుంటే అతనికి హెల్పర్ రేటు ఇచ్చి సరిపెట్టుకోలేరు. ఒకే మనిషి సగం పూట నైపుణ్యం అవసరం లేని పని, మిగతా సగం నైపుణ్యం కావాల్సిన పని చేస్తుంటే, ఏ పనికి ఎంత సమయం పట్టిందో ఆ మేరకు ఆయా రేట్లు ఇవ్వాలని కోడ్ చెబుతోంది. ఆ విభజన రికార్డులో చూపించలేకపోతే ఎక్కువ రేటు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వివాదం వచ్చినప్పుడు రుజువు చేయాల్సిన భారం మీదే.

ఆడవారికి ఒక కూలి, మగవారికి ఒక కూలి అనే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల బాహాటంగానే నడుస్తోంది. ఒకే రకమైన పనికి స్త్రీ పురుష భేదంతో వేతనం తేడా చేయడం చట్టవిరుద్ధం. నోటిఫికేషన్‌లోని రేటు పనికి ఇచ్చేది, ఎవరు చేస్తున్నారనే దాన్ని బట్టి అది మారదు. ఈ తేడాను సమం చేయడానికి మగవారి కూలి తగ్గించే వీలు కూడా లేదు.

వ్యాపారం బాగా లేదు, అంత ఇచ్చుకోలేము అనే వాదన ఈ విషయంలో నిలవదు. కేరళ పెంకుల పరిశ్రమకు సంబంధించిన వ్యాజ్యంలో 1961లో సుప్రీంకోర్టు, కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని ఆర్థిక స్తోమతను లెక్కలోకి తీసుకోనక్కర లేదని తేల్చింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో మరో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అవుతుందని చెప్పింది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ రేటు కట్టే పద్ధతిలోనే ఉంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఒక కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా (ఒక పెద్ద మనిషి వాడకం ఒక యూనిట్) తీసుకుని, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వీటికి తోడు వంటచెరకు, దీపం వగైరాలకు 20 శాతం అని కొలత పెట్టింది. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. తిండి, బట్ట, పిల్లల బడి ఖర్చులతో కట్టిన లెక్క ఇది. అందులో తగ్గించుకోవడానికి మిగులు లేదు.

జీతంలో ఏ భాగం లెక్కకు వస్తుంది

పాత చట్టం ప్రకారం మొత్తం జీతం కనీస వేతనానికి తగ్గకుండా ఉంటే చాలావరకు సరిపోయేది. కొత్త కోడ్‌లో వేతనం అనే మాటకు కచ్చితమైన హద్దు ఉంది. మూల వేతనం, కరువు భత్యం, పని లేని కాలంలో అట్టిపెట్టుకోవడానికి ఇచ్చే భత్యం వేతనంలోకి వస్తాయి. ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, కమీషన్, బోనస్, ఓవర్‌టైం చెల్లింపు, యజమాని కట్టే భవిష్య నిధి వాటా వంటివి రావు. అయితే ఈ మినహాయింపులన్నీ కలిసి మొత్తం చెల్లింపులో సగం దాటితే, సగానికి మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి.

ఒక ఉదాహరణ చూడండి. ఇందులోనూ, తర్వాత వచ్చే వాటిలోనూ అంకెలన్నీ లెక్క సులువుగా అర్థం కావడానికి ఊహించుకున్నవే. మీ రేటు మీ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. కనీస వేతనం నెలకు రూ.13,000 అనుకుందాం. ఒక ఉద్యోగికి మీరు మొత్తం రూ.20,000 ఇస్తున్నారు: మూల వేతనం రూ.8,000, ఇంటి అద్దె భత్యం రూ.6,000, ప్రయాణ భత్యం రూ.3,000, కమీషన్ రూ.3,000. మినహాయింపులు రూ.12,000. మొత్తంలో సగం రూ.10,000 కాబట్టి అంతకు మించిన రూ.2,000 వేతనంలో కలుస్తుంది. అంటే కోడ్ ప్రకారం ఈ ఉద్యోగి వేతనం రూ.10,000 మాత్రమే. చేతికి ఇరవై వేలు అందుతున్నా, కనీస వేతనంతో పోల్చాల్సింది ఈ పది వేలనే. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో పెట్టుకున్న విభజనను అలాగే వదిలేసిన సంస్థలు ముందుగా సరిచేసుకోవాల్సింది ఇదే: మొత్తం పెంచకుండానే, మూల వేతనం, కరువు భత్యం వాటాను పెంచితే ఈ లోటు తీరుతుంది.

భోజనం, వసతి వంటివి ఇస్తున్నాం కదా అని జీతంలో తగ్గించుకునే అలవాటు హోటళ్లలో ఎక్కువ. వేతనంలో కొంత భాగానికి బదులుగా వస్తురూపంలో ఇచ్చేదాన్ని మొత్తం వేతనంలో 15 శాతం వరకే వేతనంగా పరిగణిస్తారు. అంతకు మించి ఎంత మంచి భోజనం పెట్టినా అది వేతనం కిందికి రాదు.

గంటల లెక్క, ఓవర్‌టైం

సాధారణ పని దినం ఎన్ని గంటలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వృత్తి భద్రత కోడ్ వర్తించే సంస్థల్లో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు పరిమితి. కొన్ని రాష్ట్రాలు రోజువారీ పరిమితిని సడలించాయి; తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల వరకు అనుమతిస్తూ, వారానికి 48 గంటల పరిమితిని మాత్రం అలాగే ఉంచింది. ఈ సడలింపును చూసి రోజుకు పది గంటలు ఆరు రోజులూ పని చేయించుకోవచ్చని అనుకుంటే, వారానికి 60 గంటలై 12 గంటల ఓవర్‌టైం మీద పడుతుంది. రోజు పరిమితి, వారం పరిమితి రెండింటినీ చూసి, ఏది దాటినా ఓవర్‌టైం లెక్క వేయాలి.

సాధారణ గంటలు దాటిన ప్రతి గంటకూ సాధారణ వేతన రేటుకు రెట్టింపుకు తగ్గకుండా చెల్లించాలి. వారపు సెలవు రోజున పని చేయించుకుంటే ఆ రోజుకూ ఓవర్‌టైం రేటుకు తగ్గకూడదు. వృత్తి భద్రత కోడ్ కింద మరో షరతు కూడా ఉంది: కార్మికుడి సమ్మతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. ఈ సమ్మతిని రాతపూర్వకంగా, ఓవర్‌టైం రిజిస్టరులోనే సంతకం రూపంలో తీసుకోవడం మంచి పద్ధతి.

ఇప్పుడు గంట రేటు ఎలా కట్టాలో చూద్దాం. నెల వేతనాన్ని 26తో భాగిస్తే రోజు వేతనం వస్తుంది, దాన్ని 8తో భాగిస్తే గంట వేతనం వస్తుంది. నెలలో నాలుగు వారపు సెలవులు పోగా మిగిలే పని దినాలు దాదాపు 26 కాబట్టి ఆ అంకె వాడుకలో స్థిరపడింది. మీ నోటిఫికేషన్‌లో వేరే భాజకం ఉంటే దాన్నే పాటించాలి. రూ.13,000ను 26తో భాగిస్తే రూ.500, దాన్ని 8తో భాగిస్తే రూ.62.50. ఓవర్‌టైం గంటకు రూ.125. అదే రూ.13,000ను 30తో భాగిస్తే గంటకు రూ.54.17 మాత్రమే వస్తుంది; ప్రతి ఓవర్‌టైం గంటకూ పనివారికి పదహారు రూపాయలకు పైగా తగ్గిపోతుంది. పనికి రాని రోజుకు జీతం కోసేటప్పుడు 26తో భాగించి, ఓవర్‌టైం ఇచ్చేటప్పుడు 30తో భాగించే లెక్కలు కొన్నిచోట్ల కనిపిస్తాయి. ఇలాంటి రెండు కొలతల లెక్కను ఏ అధికారి ముందూ సమర్థించుకోలేరు.

పన్నెండు గంటల షిఫ్టు మీద నెలకు రూ.18,000కు పెట్టుకున్న సెక్యూరిటీ గార్డు సంగతి తీసుకుందాం. ఒక గంట భోజన విరామం పోతే రోజుకు పని 11 గంటలు, అందులో మూడు గంటలు ఓవర్‌టైం. వారం లెక్కన చూసినా 66 గంటల్లో 48 పోతే 18 గంటలు, అంటే రోజుకు మూడే. నెలకు 26 రోజులకు 78 ఓవర్‌టైం గంటలు. కనీస వేతనం రేటుతోనే కట్టినా 78 గంటలకు గంటకు రూ.125 చొప్పున రూ.9,750 అవుతుంది. దానికి రూ.13,000 కలిపితే రూ.22,750. మీరు ఇస్తున్నది రూ.18,000. కనీస వేతనం కంటే ఐదు వేలు ఎక్కువ ఇస్తున్నామని అనుకుంటున్న చోట నిజానికి నెలకు రూ.4,750 బాకీ పడుతున్నారు.

ఇది మీకు అనుకూలంగా వేసిన లెక్క. నియామక పత్రంలో జీతం రూ.18,000 అని మాత్రమే రాసి, అందులో ఎంత సాధారణ పనికి, ఎంత ఓవర్‌టైంకు అనే విభజన లేకపోతే, ఆ మొత్తమంతా ఎనిమిది గంటల పనికే ఇస్తున్న జీతమని కార్మికుడు వాదించవచ్చు. సాధారణ రేటు అంటే ఉద్యోగికి నిజంగా ఇస్తున్న వేతన రేటే తప్ప ప్రభుత్వం ప్రకటించిన కనీస రేటు కాదని 1972లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది కూడా. అప్పుడు రూ.18,000ను 208 గంటలతో (26 రోజులు, రోజుకు 8 గంటలు) భాగించి, రెట్టింపు చేసి, 78 గంటలకు కడితే ఓవర్‌టైం బాకీ నెలకు రూ.13,500 అవుతుంది. రెండు లెక్కల మధ్య తేడా కేవలం ఒక కాగితం మీద రాసిన, లేదా రాయని, ఒక వాక్యం వల్ల వచ్చింది. కాబట్టి నియామక పత్రంలో నెల వేతనం ఎన్ని గంటలకో, ఓవర్‌టైం గంట రేటు ఎంతో విడివిడిగా రాయండి. ఓవర్‌టైం జీతంలో కలిసే ఉంది అని ఒక ముక్క రాసి వదిలేయడం ఏమాత్రం చాలదు.

విరామం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కర్మాగారాల్లో ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకుండా అరగంటకు తగ్గని విరామం ఇవ్వడం దశాబ్దాలుగా ఉన్న నియమం. ఆ సమయంలో మనిషి నిజంగా పని వదిలి వెళ్లగలిగితేనే దాన్ని విరామంగా లెక్కించడం న్యాయం. గేటు దగ్గర కుర్చీలోనే కూర్చుని, వచ్చే వాహనాలకు గేటు తీస్తూ అన్నం తినే గార్డుకు గంట విరామం ఇచ్చామని రాసుకోవడం సబబు కాదు. పై ఉదాహరణలో ఆ గంట కూడా పనిగానే లెక్కకు వస్తే ఓవర్‌టైం రోజుకు నాలుగు గంటలవుతుంది. అలాగే దుకాణం షట్టర్ దించాక గల్లా లెక్క చూసే అరగంట, షిఫ్టు మొదలుకాక ముందు యంత్రం శుభ్రం చేసే పావుగంట పనిలో భాగమే.

ఓవర్‌టైంకు బదులుగా మరో రోజు సెలవు ఇస్తాము అనే సర్దుబాటు స్నేహపూర్వకంగానే కనిపిస్తుంది గానీ, దాంతో రెట్టింపు చెల్లించే బాధ్యత తీరదు. సూపర్‌వైజర్, మేనేజర్ వంటి పేర్లు పెట్టినంత మాత్రాన కూడా తీరదు. ఆ మనిషికి ఇతరుల పనిపై నిజమైన అధికారం ఉందా లేక అతనూ వారితోపాటు మూటలు మోస్తున్నాడా అన్నదే చూస్తారు.

పీసు రేటు, పని లేని గంటలు

కుట్టుపని, బీడీలు, ప్యాకింగ్ వంటి చోట్ల పీసు రేటు మీద చెల్లించడం తప్పేమీ కాదు. అయితే ప్రభుత్వం పీసు రేటు మీద పనిచేసేవారికి కనీస కాల వేతనం ప్రకటించి ఉంటే, రోజు చివర పీసుల లెక్కన వచ్చిన మొత్తం దానికి తగ్గకూడదు. రోజు కనీస వేతనం రూ.500 ఉండగా, పీసుకు రూ.5 చొప్పున ఒకామె 90 పీసులు కుడితే రూ.450 అవుతుంది, మీరు రూ.500 ఇవ్వాలి. చాలామంది అదే స్థితిలో ఉంటే లోపం వారి వేగంలో లేదు, మీరు పెట్టిన పీసు రేటులోనే ఉంది.

గుడ్డ రాలేదని, కరెంటు పోయిందని, మిషన్ ఆగిందని మధ్యాహ్నానికే ఇంటికి పంపితే ఏమవుతుంది? పనివారు సిద్ధంగా ఉండి, మీవైపు నుంచే పని లేకపోతే పూర్తి రోజు వేతనం ఇవ్వాలి. వారే తమంతట తాము పని చేయనన్నప్పుడు ఈ నియమం వర్తించదు.

చెల్లింపు గడువు, కోతలు

నెల జీతాన్ని తర్వాతి నెల ఏడో తేదీలోపు, వారం జీతాన్ని వారపు సెలవుకు ముందు చివరి పని దినాన, రోజుకూలిని షిఫ్టు ముగిసేసరికి చెల్లించాలి. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో మొత్తం లెక్క తేల్చాలి. రెండు నెలలు తిప్పించుకోవడం అనే ఆనవాయితీకి చట్టంలో చోటు లేదు.

కోతలన్నీ కలిపి ఆ కాలపు వేతనంలో సగం దాటకూడదు. జరిమానా వేస్తే అది 3 శాతం దాటకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాత వసూలు చేయకూడదు, వాయిదాల మీద అసలే వసూలు చేయకూడదు. సరుకు పాడైందని కోయాలంటే అది ఆ ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించినదై ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, తన వాదన చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి. పని చేయడానికి కావాల్సిన పనిముట్లు, ముడిసరుకు ఖర్చును జీతంలోంచి రాబట్టకూడదు.

హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు, పే స్లిప్

వివాదంలో గెలుపోటములు చాలావరకు ఇక్కడే నిర్ణయమవుతాయి. వేతనం చెల్లించలేదని ఉద్యోగి ఫిర్యాదు చేస్తే, చెల్లించినట్టు రుజువు చేసుకోవాల్సింది యజమానే. అందువల్ల మీ హాజరు పుస్తకంలో కేవలం హాజరు గుర్తు పెట్టడం చాలదు. వచ్చిన సమయం, విరామం, వెళ్లిన సమయం, ఆ రోజు సాధారణ గంటలు, ఓవర్‌టైం గంటలు అనే అయిదు గడులు ఉండాలి, రోజూ ఉద్యోగి సంతకమో వేలిముద్రో ఉండాలి. బయోమెట్రిక్ యంత్రం ఉంటే ఆ వివరాలకూ జీతాల రిజిస్టరుకూ పొంతన ఉండాలి; యంత్రంలో రాత్రి తొమ్మిది అని, పుస్తకంలో ఆరు అని ఉంటే అధికారి నమ్మేది యంత్రాన్నే. నెలాఖరున ఒకేసారి, ఒకే సిరాతో, అందరికీ సరిగ్గా ఉదయం తొమ్మిది, సాయంత్రం ఆరు అని రాసిన పుస్తకం మీకు రక్షణ కాదు, మీకే వ్యతిరేక సాక్ష్యం.

వేతన రేట్లు, చెల్లించే రోజు, సంబంధిత అధికారి పేరు, చిరునామా అందరికీ కనిపించే చోట నోటీసుగా పెట్టాలి. ప్రతి జీతంతోపాటు పే స్లిప్ ఇవ్వాలి. దానిలో ఓవర్‌టైంను విడిగా, ఎన్ని గంటలు, గంటకు ఎంత అని చూపండి. తన జీతం ఎలా వచ్చిందో చదివి అర్థం చేసుకోగలిగిన మనిషి అనవసరంగా అనుమానపడడు, నిజమైన పొరపాటు ఉంటే ఆ నెలలోనే చెబుతాడు. పే స్లిప్ తెలుగులో ఇవ్వమని నేను ప్రత్యేకంగా కోరుతాను.

కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారు

హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనులకు ఏజెన్సీ మనుషులను పెట్టుకున్నవారు జీతం సంగతి ఏజెన్సీదే అనుకుంటారు. కాంట్రాక్టర్ చెల్లించకపోతే అసలు సంస్థ యజమానే చెల్లించి, తర్వాత ఆ డబ్బును కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలన్నది చట్టం. కాబట్టి టెండర్లో వచ్చిన రేటును ఒప్పుకునే ముందే లెక్క వేయండి. మనిషికి ఏజెన్సీ అడుగుతున్న మొత్తం, కనీస వేతనం, ఓవర్‌టైం, భవిష్య నిధి, ఈఎస్ఐ, వారపు సెలవుకు వచ్చే బదిలీ మనిషి ఖర్చు కలిపితే వచ్చేదానికంటే తక్కువగా ఉంటే, ఆ తేడా గార్డు జీతంలోంచే వస్తోందన్నది స్పష్టం. ప్రతి నెల బిల్లుతోపాటు బ్యాంకు ద్వారా జీతాలు జమ చేసిన వివరాలు జతచేయాలని ఒప్పందంలో రాసుకుని, అవి వచ్చాకే బిల్లు చెల్లించండి.

ఇప్పటికే తక్కువ చెల్లించి ఉంటే

ఉద్యోగి మూడేళ్ల వెనకటి బకాయి వరకు క్లెయిమ్ వేయవచ్చు. పాత చట్టంలో ఇది ఆరు నెలలే. బకాయితోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. పైన చూసిన గార్డు ఉదాహరణలో తక్కువ లెక్క ప్రకారమే మూడేళ్ల బకాయి రూ.1,71,000 అవుతుంది. దీనికి వేరుగా, తక్కువ వేతనం ఇచ్చినందుకు రూ.50,000 వరకు జరిమానా పడవచ్చు. ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రికార్డులు సరిగా లేకపోతే రూ.10,000 వరకు జరిమానా. కొన్ని రకాల ఉల్లంఘనలకు తొలిసారి సరిదిద్దుకునే గడువు ఇస్తారు గానీ, దాని మీద ఆధారపడి కూర్చోవడం వివేకం కాదు.

లోటు ఉన్నట్టు మీకే తెలిస్తే ఫిర్యాదు వచ్చేదాకా ఆగవద్దు. ముందుగా ఈ నెల నుంచే సరైన రేటు, సరైన గంటల లెక్క మొదలుపెట్టండి. తర్వాత ఒక్కొక్కరికీ నెలవారీగా పని గంటలు, రావాల్సింది, ఇచ్చింది, తేడా అనే పట్టిక తయారుచేయండి. పాత గంటల రికార్డు లేకపోతే షిఫ్టు వేళలు, సీసీ కెమెరా, షట్టర్ తీసే సమయాలు, తోటివారి మాట ఆధారంగా, సందేహం ఉన్నచోట పనివారికే అనుకూలంగా లెక్క కట్టండి. ఆ పట్టికను వారికి చూపించి, వారి అభ్యంతరాలు విని సవరించండి. మానేసి వెళ్లిపోయినవారిని కూడా ఇందులో చేర్చాలి, వారి హక్కు కూడా మూడేళ్లు బతికే ఉంటుంది. డబ్బును బ్యాంకు ఖాతాలోనే జమ చేసి, ఏ నెలలకు, ఎన్ని గంటలకు చెల్లించారో వివరంగా రాసిన కాగితం వారికొక ప్రతి ఇచ్చి, మరో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. ఇక నాకు ఏమీ రావలసినది లేదు అని ఒక్క వాక్యం రాయించుకున్న రసీదు కంటే, లెక్క మొత్తం కనబడే ఆ కాగితమే అధికారి ముందు నిలుస్తుంది.